పక్కన నల్ల పట్టీలను ఉండనివ్వండి

పాత తెలుగు సినిమాల హక్కుదారులకు, వాటిని ప్రసారం చేస్తున్న టీవీ చానెళ్ల, ఓటీటీ సంస్థల నిర్వాహకులకు బహిరంగ లేఖ





నేను బెంగళూరులో వీడియో ఎడిటింగ్ చేసుకుని బతికే తెలుగువాణ్ణి. మీలాంటి సంస్థల నుంచి వచ్చే పాత సినిమాల టేపులు, ఫైళ్లు నాలాంటివాళ్ల బల్లల మీదికే చేరతాయి. వాటితో పాటు ఒక కాగితం వస్తుంది. అందులో ఎన్ని షరతులున్నా ఒకటి మాత్రం తప్పకుండా ఉంటోంది: బొమ్మ తెర నిండా ఉండాలి, పక్కల నల్ల పట్టీలు కనపడకూడదు. పట్టీలు ఉంచి పంపిన ఫైలు తిరిగొస్తుంది. ఎందుకని అడిగితే ప్రేక్షకులకు నచ్చదంటారు.

ఆ షరతును నేను ఒప్పుకోలేను. ఇన్నాళ్లూ మా గదుల్లో మేం గొణుక్కున్న మాటను ఇప్పుడు అందరూ వినేలా అడుగుతున్నాను. మార్కస్ బార్‌ట్లీ కెమెరా పట్టి కట్టిన బొమ్మలో పైనా కిందా కోసేయమని చెప్పే అధికారం మీకు ఎక్కణ్ణుంచి వచ్చింది? సినిమా కొన్నారు, సరే. దాని ఆకారాన్ని కూడా కొన్నారా?

లెక్క ఒకసారి చూడండి. మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. అంతకు ముందు పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), తర్వాత గుండమ్మ కథ (1962). వీటన్నిటికీ కెమెరా బార్‌ట్లీదే. చట్రం కూడా అన్నిటికీ ఒకటే. వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు ఇంచుమించు మూడు పాళ్లు. 1932లో అమెరికాలోని మోషన్ పిక్చర్ అకాడమీ ఖరారు చేసిన 1.37 కొలత ఇదే. వెడల్పు తెరలు వచ్చేదాకా దాదాపు ప్రపంచమంతా సినిమా ఆ కొలతలోనే తీశారు. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న టీవీ 16:9. పాత బొమ్మ వెడల్పును ఈ తెర అంచు నుంచి అంచుదాకా పరిస్తే మూడు పాళ్ల ఎత్తులో 2.25 పాళ్లే మిగులుతుంది. ప్రతి ఫ్రేములోనూ నాలుగో వంతు బొమ్మ పోయినట్టు. మాయాబజార్ నిడివి మూడు గంటలు. అందులో ముప్పావు గంట సినిమాను ఎవరైనా కత్తిరించి ప్రసారం చేస్తే మీరు ఊరుకుంటారా? పత్రికలు ఊరుకుంటాయా? నిడివిలో కోస్తే నేరమైనది ఎత్తులో కోస్తే సేవ ఎలా అవుతుంది?

ఆ నాలుగో వంతులో ఏముంటుందో చూడకుండానే దాన్ని ఖాళీ జాగా అనుకుంటున్నారు. తెలుగు సినిమా మొదటి తరం నాటక రంగం మీద నుంచి దిగి వచ్చింది. మనిషిని నిలువెత్తున చూపడం ఆ సినిమాలకు సహజమైన పద్ధతి. ముఖ్యంగా పౌరాణికాల్లో పాత్ర నుదుటి దగ్గర మొదలవదు, కిరీటం కొసన మొదలవుతుంది. ఎన్.టి.రామారావు శ్రీకృష్ణుడు ఆ నెమలి పింఛంతో కలిపే శ్రీకృష్ణుడు. ఎస్.వి.రంగారావు ఘటోత్కచుడికి భుజం మీద గద ఎంత ముఖ్యమో, ఆ గద పైన మిగిలిన ఖాళీ అంత ముఖ్యం. ఆ ఖాళీని దాటి పెరగగలడని తెలుస్తుంటేనే ఆ రాక్షసుడు రాక్షసుడిలా కనిపిస్తాడు. పైభాగం కోసేశాక మిగిలేది తల తెరకు తగులుకుని ఇరుక్కున్న ఒక లావుపాటి మనిషి.

కింది భాగం సంగతి ఇంకా ఘోరం. మాయాబజార్‌లో గింబళి అనే మాయ తివాచీ హాస్యమంతా ఎక్కడుంది? పాదాల కింద ఉంది. పురోహితులు శర్మ, శాస్త్రి ఆ తివాచీ మీద పడే పాట్లు చూసి మూడు తరాలు నవ్వాయి. నడుం పై భాగం మాత్రమే తెర మీద మిగిలితే ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? నాట్యమంటే పాదం. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడి నాట్యంలో సావిత్రి కాళ్లు ఒక మగవాడి బరువును మోస్తున్నట్టు పడతాయి. ఆమె నటనలో సగం ఆ అడుగుల్లోనే ఉంది. పెద్దల పాదాలకు మొక్కే సన్నివేశంలో పాదాలే లేకపోతే ఆ వంగిన వీపు దేనికోసం వంగినట్టు? తెర నిండటం కోసం వీటన్నిటినీ వదులుకోమని ప్రేక్షకుడు మిమ్మల్ని ఎప్పుడు అడిగాడు?

టైటిల్స్ కూడా తెగుతున్నాయి. పై వరుసలోని పేరు సగానికి, కింది వరుసలోని పేరు మొత్తానికి పోయిన కాపీలు నేను చూశాను. ఎడిటర్, కళాదర్శకుడు, శబ్దగ్రాహకుడు, మేకప్‌మన్: వాళ్ల పేరు లోకానికి కనిపించేది ఆ కొన్ని సెకన్లే. దాన్ని కూడా తీసేయాలా?

కోయడం ఒక పద్ధతి. సాగదీయడం రెండోది. రెండింటిలో ఏది హీనమని అడిగితే నేను సాగదీయడమే అంటాను. కోసినప్పుడు మిగిలినదైనా నిజంగా ఉంటుంది. సాగదీస్తే నిజమన్నదే మిగలదు. 4:3 బొమ్మను 16:9కి లాగితే ప్రతి వస్తువూ మూడో వంతు వెడల్పెక్కుతుంది. పున్నమి చంద్రుడు అడ్డంగా కోలగా మారతాడు. సుదర్శన చక్రమూ అంతే. సావిత్రి ముఖానికి లేని వెడల్పు వస్తుంది. ఇంకో విషయం మా వృత్తిలో ఉన్నవాళ్లకు తొందరగా తెలుస్తుంది, ప్రేక్షకుడికి కారణం తెలియకుండానే కంట్లో నలుసులా గుచ్చుతుంది. సాగదీసిన బొమ్మలో నర్తకి చెయ్యి పైకెత్తితే పొట్టిగా లావుగా ఉంటుంది. అదే చెయ్యి పక్కకు చాపగానే సన్నబడి పొడవవుతుంది. అంటే ఆమె కదిలిన ప్రతిసారీ ఆమె శరీరం కొలతలు మారిపోతాయి. ఏళ్ల సాధనతో ఒక నర్తకి సంపాదించిన అంగశుద్ధిని ఒక్క సెట్టింగుతో చెరిపేస్తున్నారు. కొందరు ఇంకా తెలివిగా మధ్య భాగాన్ని వదిలేసి అంచుల్ని మాత్రమే లాగుతారు. అప్పుడు నిలబడ్డ మనిషి బాగానే ఉంటాడు. కెమెరా పక్కకు తిరగగానే స్తంభాలూ మనుషులూ అంచున ఉబ్బి, మధ్యకొచ్చి చిక్కి, మళ్లీ అవతలి అంచున ఉబ్బుతారు. అలలు కొట్టే అద్దంలో చూసినట్టుంటుంది. అది చూసి కూడా 'ఓకే' అని సంతకం పెడుతున్నది మీ నాణ్యత విభాగమే కదా?

ఇదంతా సాంకేతిక ఇబ్బందుల వల్ల తప్పడం లేదని దయచేసి చెప్పకండి. మా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 1920×1080 టైమ్‌లైన్ మీద 4:3 బొమ్మను ఎత్తుకు సరిపెడితే అది 1440 పిక్సెళ్ల వెడల్పున కూర్చుంటుంది. అటు 240, ఇటు 240 పిక్సెళ్లు నల్లగా మిగులుతాయి. అంతే పని. ఒక్క పిక్సెల్ కూడా పోదు, ఒక్క ముఖం కూడా ఉబ్బదు. చట్రాన్ని కోయడానికీ సాగదీయడానికీ కూడా ఒక్క నొక్కే చాలు. సరైన పనికీ తప్పుడు పనికీ పట్టే సమయం ఒకటే, అయ్యే ఖర్చు ఒకటే. మరి తప్పుడు పనే ఎందుకు ఎంచుకుంటున్నారు?

తెలియక జరిగే తప్పులు వేరు, అవి దిద్దుకోవచ్చు. పాత బీటాక్యామ్ టేపుల నుంచి వచ్చిన ఫైళ్లు 720×576లో ఉంటాయి. వాటిలో పిక్సెళ్లు చతురస్రాలు కావు. 4:3 అని, 16:9 అని ఫైలులో ఉండే చిన్న గుర్తును బట్టి సాఫ్ట్‌వేర్ వాటిని వెడల్పు చేస్తుంది. ఆ గుర్తు తప్పుగా పడితే బొమ్మ దానంతట అదే సాగిపోతుంది. ఎడిటర్ కొత్తవాడైతే గమనించడు. ఒక ఫ్రేములో చక్రమో, పళ్లెమో, నిండు చంద్రుడో వెతికి గుండ్రంగా ఉందో లేదో చూస్తే నిమిషంలో తేలిపోతుంది. నన్ను బాధపెడుతున్నది ఈ పొరపాటు కాదు. అన్నీ తెలిసి, సరిగ్గా ఉన్న బొమ్మను తిప్పి పంపి మరీ చెడగొట్టించడం.

అలాంటి టేపులనే కోసి తెర నింపినప్పుడు ఏం మిగులుతుందో కూడా చెప్పాలి. 576 గీతల్లో నాలుగో వంతు పోతే 432 గీతలు. ఆ 432ని 1080కి, అంటే రెండున్నర రెట్లు పెంచి, దానికి 'హెచ్‌డీ' అని ముద్ర వేస్తున్నారు. నాలుగో వంతు సినిమా పోగా మిగిలింది మసక. ఇదా ప్రేక్షకుడికి నచ్చేది?

అదే బొమ్మను మసకబార్చి, పెద్దది చేసి పక్కల్లో పరవడం ఇంకో అలవాటు. అందులో బొమ్మ కోతకు గురికాదు, అంతవరకు నయం. కానీ కథ జరుగుతున్నంత సేపూ కంటి కొసల్లో ఏదో కదులుతూనే ఉంటుంది. నలుపు కదలదు, పిలవదు. థియేటర్లో తెర చుట్టూ ఉండే చీకటి అది. ఇటీవల కృత్రిమ మేధతో పక్కల్లో లేని గోడలనూ చెట్లనూ పుట్టించి తెర నింపుతామనే ప్రతిపాదనలు కూడా వింటున్నాను. మాయాబజార్ కళాదర్శకులు గోఖలే, కళాధర్ కట్టని మంటపాన్ని వాళ్ల సినిమాలో ఎవరు కడతారు? దాన్ని చూసిన పదేళ్ల పిల్లకు ఏది వాళ్లు కట్టిందో, ఏది యంత్రం ఊహించిందో ఎవరు చెబుతారు?

వెడల్పు తెరంటే నాకు పగ లేదు. వెడల్పు కోసం కట్టిన బొమ్మ వేరు, ఎత్తు కోసం కట్టిన బొమ్మ వేరు అన్నదే నా వాదం. ఈ తేడా అందరికంటే బాగా తెలిసిన మనిషి మా ఊళ్లోనే ఉండేవాడు. మైసూరులో పుట్టి, బెంగళూరు జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌లో సినిమాటోగ్రఫీ చదువుకుని, 2014లో బెంగళూరులోనే కన్నుమూసిన వి.కె.మూర్తి. బెంగళూరులోనే పుట్టిన గురుదత్ కోసం ఆయన 1957లో ప్యాసా తీశాడు, పాత చట్రంలో. రెండేళ్లకు అదే దర్శకుడి కోసం కాగజ్ కే ఫూల్ తీశాడు. అది భారతదేశంలో తొలి సినిమాస్కోప్ చిత్రం. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అదే కన్ను, అదే చెయ్యి. కానీ రెండో సినిమాలో మనుషులు తెర రెండు కొసలకూ విడిపోతారు, మధ్యలో ఖాళీ స్టూడియో, ఆ ఖాళీలో పైనుంచి పడే వెలుగు. మొదటి సినిమాలో మనుషులు దగ్గరగా, ముఖాలు నిండుగా. ప్యాసాను కోసి వెడల్పు చేస్తే కాగజ్ కే ఫూల్ అవుతుందా? మూర్తికి 2008 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఇచ్చి గౌరవించింది దేశం. ఆయన చట్రాన్ని చట్రంలా ఉంచడం ఆ గౌరవంలో భాగం కాదా?

మార్చి చూపడం ఎప్పుడూ తప్పేనా అని మీరడగొచ్చు. కాదు. షోలే (1975) సంగతి తీసుకోండి. బెంగళూరుకు 50 కిలోమీటర్ల దూరంలో రామనగర బండల మధ్య తీశారు. తీసింది మామూలు 35 ఎం.ఎం. ఫిల్మ్ మీదే, తర్వాత పెంచి 70 ఎం.ఎం. చేశారు. అయితే పైనా కిందా ఎంత పోతుందో ఛాయాగ్రాహకుడు ద్వారకా దివేచాకు ముందే తెలుసు. ఆ గీతలు కెమెరాలో చూసుకుంటూనే ప్రతి షాటూ పెట్టాడు. పోయే భాగంలో పోగొట్టుకోకూడనిది ఏదీ లేకుండా చూసుకున్నాడు. తీసినవాడు ఉద్దేశించిన మార్పు అది. 1957లో బార్‌ట్లీ మీ 2020ల టీవీని ఊహించి కిరీటాల మీద గీతలు గీసుకున్నాడా? 60ల చివర్లో, 70లలో పూర్తి ఫ్రేము తీసి థియేటర్లో మాస్క్ వేసి చూపాలనుకున్న చిత్రాలు కొన్ని ఉంటే ఉండొచ్చు. అలాంటి చోట ఒక్కో సినిమానూ విడిగా చూసి, తీసినవాళ్లలో బతికున్నవారిని అడిగి నిర్ణయించాలి. ఒకే షరతు కాగితంతో వందల సినిమాలను ఒకే గాటన కట్టకూడదు.

తెలుగు ప్రేక్షకుడికి ఈ బాధ కొత్త కాదన్నది కూడా మీకు గుర్తుండాలి. 1974లో కృష్ణ నటించిన అల్లూరి సీతారామరాజు తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రంగా వచ్చింది, వి.ఎస్.ఆర్.స్వామి కెమెరాతో. తర్వాత డబ్బా టీవీల రోజుల్లో ఇలాంటి వెడల్పు చిత్రాల పక్కలు కోసి చూపారు. ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశంలో తెర మీద ఇద్దరి ముక్కులు, మధ్యలో గోడ. అప్పుడు తెర ఇరుకైనది కాబట్టి పక్కలు పోయాయి. ఇప్పుడు తెర వెడల్పైంది కాబట్టి తలలూ కాళ్లూ పోతున్నాయి. అప్పటి టీవీ 21 అంగుళాలు, పట్టీలు వేస్తే బొమ్మ చిన్నదైపోతుందన్న సాకైనా ఉంది. 55 అంగుళాల తెర మీద ఆ సాకు ఏది?

రంగుల మాయాబజార్ గురించి మీరు తప్పకుండా గుర్తుచేస్తారు. హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఆ పని చేసింది. 2010 జనవరి 30న విడుదలైంది. రంగులే కాదు, డీటీఎస్ శబ్దం, సినిమాస్కోప్ చట్రం కూడా ఇచ్చారు. అంతకు రెండేళ్ల ముందు, 2008లో, కన్నడ సత్య హరిశ్చంద్ర రంగుల్లో వస్తే బెంగళూరులో జనం బాగా చూశారు. రాజ్‌కుమార్ నటించిన ఆ 1965 చిత్రానికి దర్శకుడు హుణసూరు కృష్ణమూర్తి, నిర్మాత మాయాబజార్ దర్శకుడు కె.వి.రెడ్డే. అదే ఏడాది తెలుగులో రామారావుతో ఆ కథను ఆయనే దర్శకత్వం వహించి తీశారు. ఈ రంగుల పనులకు పట్టిన శ్రమను నేను తక్కువ చేయను. పిల్లల్ని వెంటబెట్టుకుని థియేటర్‌కు వెళ్లిన కుటుంబాల ఆనందాన్నీ తక్కువ చేయను. కానీ 1.37 బొమ్మను 2.35 సినిమాస్కోప్‌లో పట్టించాలంటే దారులు రెండే. కోస్తే పదింట నాలుగు వంతులకు పైగా పోతుంది. లేదంటే సాగదీయాలి. ఏది చేసినా అది కె.వి.రెడ్డి చట్రం కాదు. అది ఒక రెండో రూపం. రెండో రూపంగా అది ఉండొచ్చు. మొదటిదాన్ని పక్కకు తోసేసి దాని కుర్చీలో కూర్చోకూడదు.

అసలు విషయం ఇక్కడే ఉంది. మీరు పూర్తి బొమ్మను పట్టీలతో ఇస్తే, అది నచ్చని ప్రేక్షకుడు తన రిమోట్‌లో జూమ్ నొక్కి తెర నింపుకోగలడు. ఆ ఏర్పాటు దాదాపు ప్రతి టీవీలో ఉంది. ఫోన్‌లో అయితే రెండు వేళ్లు చాలు. అది అతని ఇల్లు, అతని ఇష్టం. కానీ మీరు ముందే కోసి ఇస్తే, పోయిన కిరీటాన్ని వెనక్కి తెచ్చే మీట ఏ రిమోట్‌లోనూ లేదు. ఒక దారి ఇద్దరికీ న్యాయం చేస్తుంది, రెండోది ఒకరి ఇష్టాన్ని అందరి నెత్తిన రుద్దుతుంది. ఇంత తేలిక లెక్కలో తప్పు పక్షాన ఎందుకు నిలబడుతున్నారు?

ప్రేక్షకులు అడుగుతున్నారన్న మాట మీద మీరు నిలబడేట్టయితే, అడిగిన ప్రేక్షకుల మాట విన్న సంస్థ ఒకటుంది, చూడండి. 2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు 'ది సింప్సన్స్' కార్టూన్ పాత భాగాలను 16:9కి కోసి పెట్టారు. ఒక బీరు కంపెనీలో మూడు రకాల బీరూ ఒకే గొట్టం నుంచి వస్తున్నట్టు చూపే హాస్యంలో, పైనున్న ఆ గొట్టమే కోతలో పోయింది. జనం గట్టిగా అడిగారు. 2020 మే నెలలో అసలు 4:3 రూపాన్ని కూడా అందుబాటులో ఉంచారు. ఒక కార్టూన్‌లోని గొట్టం కోసం అమెరికా ప్రేక్షకులు చేసిన పని, మాయాబజార్ గింబళి కోసం మనం చేస్తే తప్పా? ఇంకో ఉదాహరణ మన దేశానిదే. 1993లో లండన్ ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పథేర్ పాంచాలీ నెగటివ్‌లు కాలాయి. కాలిన ముక్కల నుంచి, మిగిలిన ఇతర ప్రతుల నుంచి ఫ్రేము ఫ్రేముగా ఆ సినిమాను మళ్లీ నిలబెట్టి 2015లో ప్రపంచానికి చూపించారు. అంత శ్రమపడినవాళ్లు దాన్ని పాత చట్రంలోనే ఉంచారు, పక్కల నలుపుతోనే. ఆ నలుపు వల్ల సత్యజిత్ రాయ్ సినిమా చూడనన్నవాడు ఎవడైనా ఉన్నాడా?

చట్టం మాట కూడా చెప్పక తప్పదు. మాయాబజార్ వచ్చిన 1957లోనే మన కాపీరైట్ చట్టం వచ్చింది. దాని 57వ సెక్షన్ ప్రకారం, తన కృతిని పేరుప్రతిష్ఠలకు భంగం కలిగేలా వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కర్తకు ఉంది, హక్కులు అమ్మేసినా సరే. విజ్ఞాన్ భవన్ గోడ మీది తన శిల్పాన్ని పీకి పాడుచేశారని శిల్పి అమర్‌నాథ్ సెహగల్ వేసిన దావాలో 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది ఈ సెక్షన్ మీదే. అయితే సినిమాకు కర్త ఎవరంటే చట్టం నిర్మాత అంటుంది. దర్శకుడు కాదు, ఛాయాగ్రాహకుడు కాదు. బార్‌ట్లీ కట్టిన చట్రం కోసం బార్‌ట్లీ తరఫున కోర్టుకెళ్లే దారి లేదు. అందుకే భారమంతా మీ మీద పడింది. చట్టం అడగదు కాబట్టి చేయొచ్చనుకుంటారా, చట్టం అడగకపోయినా చేయకూడదనుకుంటారా?

కాపీరైట్‌కు గడువు కూడా ఉంది. సినిమా విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 1957 నాటి చిత్రానికి 2017తో ఆ గడువు తీరింది. పాతాళభైరవికి 2011తోనే తీరింది. అవి ఇప్పుడు మొత్తం జనం సొత్తు. కానీ మంచి ప్రింట్లు, నెగటివ్‌లు, శుభ్రమైన స్కాన్లు ఉన్నది మీ గోదాముల్లో. సొత్తు జనానిది, తాళం మీ చేతిలో. తాళం చేతిలో ఉన్నవాడు సొమ్ములో నాలుగో వంతు కోసి ఇస్తే దాన్ని ఏమనాలి?

నాకు ఎక్కువ భయం కలిగిస్తున్నది ఇంకొకటి. మీరు చూపిందే జనానికి ప్రమాణమవుతుంది. బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనంతపురం నుంచి, చిత్తూరు నుంచి, కర్నూలు నుంచి తెచ్చుకున్న పాత పెళ్లి క్యాసెట్లను డిజిటల్ చేయించుకోవడానికి వస్తుంటారు. 'టీవీలో వచ్చినట్టు నిండుగా చేయండి' అంటారు. తలంబ్రాల వేళ తల మీదికెత్తిన చేతులు, మట్టెలు తొడిగే వేళ వంగిన పెళ్లికొడుకు, అప్పగింతలప్పుడు మోకాళ్ల మీద కూర్చున్న అవ్వ: ఇవన్నీ నిలువు బొమ్మలే. కోస్తే పోతాయి. సాగదీస్తే పెళ్లికూతురు అప్పటి పెళ్లికూతురిలా ఉండదు. విడమరిచి చెబితే చాలామంది ఒప్పుకుంటారు. చెప్పే ఓపిక లేని దుకాణాల్లో అడిగింది అడిగినట్టు చేసిచ్చేస్తారు, తర్వాత క్యాసెట్ పారేస్తారు. ఆ ఇంట్లో తాతగారి ముఖం ఇక ఎప్పటికీ ఆ వెడల్పునే. 'టీవీలో వచ్చినట్టు' అన్న ఆ మాటకు జవాబుదారు ఎవరు?

దూరదర్శన్ నాటి తెలుగు నాటకాలు, 2000ల తొలి ఏళ్లలో శాటిలైట్ చానెళ్లలో ఇళ్లిళ్లూ చూసిన అమృతం లాంటి ధారావాహికలు కూడా 4:3 కాలానివే. వాటిలో చాలావాటికి ఫిల్మ్ లేదు, టేపే ఆఖరి ఆధారం. టేపు ఏటేటా పాడవుతుంది. ఇవాళ మీరు తయారుచేసే ఫైలే రేపు ఏకైక ప్రతి అయ్యే అవకాశముంది. ఆ ఒక్క ప్రతి కోసినదైతే, మీ తర్వాత వచ్చేవాళ్లు దిద్దుకోవడానికి ఏం మిగిల్చినట్టు?

కాబట్టి నా విన్నపాలు సూటిగా చెబుతాను. మీ షరతు కాగితాల్లో 'పట్టీలు ఉండరాదు' అన్న వాక్యం కొట్టేయండి. దాని స్థానంలో 'సినిమా తీసిన చట్రంలోనే' అని రాయండి. పాత చిత్రం స్కాన్ చేసేటప్పుడు ఫ్రేము మొత్తాన్ని, అంచులతో సహా, స్కాన్ చేయించి ఆ ఫైలును ముట్టుకోకుండా దాచండి. వెడల్పు రూపం కూడా కావాలని మీ వ్యాపారం పట్టుబడితే, దాన్ని రెండో ఎంపికగా, మార్చిన రూపమని తెర మీద స్పష్టంగా రాసి ఇవ్వండి. ఇప్పటికే కోసి పెట్టిన చిత్రాల అసలు టేపులు మీ దగ్గర ఉంటే, ముందు పౌరాణికాలతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా మళ్లీ ఎక్కించండి. జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుణేలో ఉంది. ఏ చిత్రానికి ఏ చట్రమన్న సందేహం వస్తే అడగడానికి మనుషులున్నారు. ఈ పనికి ఎడిటర్ కావాలంటే నేనున్నాను, నాలాంటివాళ్లు హైదరాబాద్‌లో, చెన్నైలో, ఇక్కడ చాలామంది ఉన్నారు. 240 పిక్సెళ్ల నలుపు వదలడానికి మేం అదనంగా ఒక్క రూపాయి కూడా అడగం.

ఈ లేఖ చదువుతున్న ప్రేక్షకులకు కూడా ఒక మాట. తలలు తెగిన పాత సినిమా మీ టీవీలో వస్తే ముందు రిమోట్ చూసుకోండి, జూమ్ మీ టీవీలోనే ఉందేమో. అది కాకపోతే ఆ చానెల్‌కు రాయండి, సినిమా పేరు, ప్రసారమైన తేదీ, ఏం తెగిందో ఒక్క వాక్యం. అసలు చట్రంలో చూపించమని అడగండి. వాళ్లు మీ పేరు చెప్పే ఈ పని చేస్తున్నారు కాబట్టి, వద్దన్న మాట కూడా మీ నుంచే వెళ్లాలి.

భవదీయుడు,
ఒక తెలుగు వీడియో ఎడిటర్,
బెంగళూరు